చప్పుడు తగ్గితే వినిపించే సాంబా

"సాంబా" అనగానే మన కళ్లముందు ఒకే బొమ్మ కనబడుతుంది. రియో డి జనీరో వీధులు, ఈకల కిరీటాలు పెట్టుకొని ఆడే స్త్రీలు, వందలమంది ఒక్కసారిగా మోగించే డ్రమ్ములు, చెవులు చిల్లులు పడే హోరు. ఆ బొమ్మ అబద్ధమేమీ కాదు. కాని అది సగం నిజం. మిగతా సగం గూర్చి నాకు తెలిసినంత మట్టుకు నాలుగు మాటలు చెబుదామనే ఈ వ్యాసం. డ్రమ్ సెట్టు మీద, కర్రలకు బదులు బ్రష్‌లు పట్టుకొని, బ్రెజిల్ వాళ్ల సాంబా లయను ఎలా వాయిస్తారన్నదే ఇందులో విషయం.

నేను సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఈ కాలేజీలో చదివే రోజుల్లో క్లాసులకు వెళ్లినదానికంటె లైట్ మ్యూజిక్ పార్టీ రిహార్సల్సుకు వెళ్లినదే ఎక్కువని మా మేష్టర్లు అంటూ వుండేవారు. నాకీ బ్రష్‌ల పిచ్చి అక్కడే పట్టుకుంది. ఒక యేడు వార్షికోత్సవానికి ఒక బ్రెజిల్ పాట వాయిద్దామని అనుకున్నాం. గిటారుకు మాలో సరైనవాడు లేక, వూళ్లో వున్న ఒక పెద్దాయనను బతిమాలి తీసుకొచ్చాం. మొదటి రిహార్సల్లో నేను రెండు కర్రలు పట్టుకొని నాకు వచ్చిన సాంబా అంతా చూపించేశాను. పాట సగంలో ఆయన గిటారు ఆపేసి, నావైపు తిరిగి, "బాబూ, ఇది సాంబాయా, పెళ్లి వూరేగింపా?" అన్నారు. అందరూ నవ్వారు. నా మొహం మాడిపోయింది.

తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. "నీ చేతిలో తప్పులేదు. చూడు, నా బొటనవేలు కింది తీగల మీద వాయించేది నీ కాలు బాస్ డ్రమ్ మీద వాయిస్తోంది. నా మూడు వేళ్లు పై తీగల మీద వాయించేది నీ కర్ర వాయిస్తోంది. నువ్వు నాకంటె పదిరెట్లు గట్టిగా వాయిస్తున్నావు. ఇంక నేనెందుకు చెప్పు?" అన్నారు. మర్నాడు వస్తూ వస్తూ పాతకాలపు బ్రష్‌ల జత ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

సాంబా వెనుక కథ

సాంబా బ్రెజిల్ నల్లజాతివారి సొత్తు. ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో తెచ్చినవాళ్లు తమ వెంట మరేమీ తెచ్చుకోలేకపోయినా, లయను మాత్రం తెచ్చుకున్నారు. 1888 మే 13న బ్రెజిల్లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. ఈశాన్యంలోని బయీయా ప్రాంతం నుంచి చాలా కుటుంబాలు పనులకోసం రియో నగరానికి వలస వచ్చాయి. అలా వచ్చిన స్త్రీలలో తియా సియాతా ఒకరు. తియా అంటే పిన్నిగారు, అత్తగారు అన్నట్టు గౌరవంగా పిలిచే పిలుపు. ఆమె ఇంట్లో జరిగే పాటల గోష్ఠుల్లోనే నగరపు సాంబా రూపుదిద్దుకుందని చెప్పుకుంటారు. ఆ గోష్ఠుల్లో ఒకడైన దొంగా అనే సంగీతజ్ఞుడు (మన భాషలో ఆ పేరు వింటే నవ్వొస్తుంది గాని, అది ఆయన ముద్దుపేరు) 1916లో "పెలో తెలెఫోనె" అనే పాటను తన పేర రిజిస్టరు చేయించుకున్నాడు. అది 1917 కార్నివాల్‌లో మారుమోగింది.

ఈ సంగీతానికి మొదట్లో మర్యాద లేదు. పండెయిరో అంటే మన కంజిరను పోలిన వాద్యం. దాన్ని చేతిలో పట్టుకొని వీధిలో కనబడితే చాలు, పోలీసులు సోమరిపోతులని చెప్పి పట్టుకొనేవారు. జొవావ్ ద బయానా అనే ప్రసిద్ధ వాద్యగాడి పండెయిరోను పోలీసులు లాక్కున్నారు. సంగతి తెలిసి పిన్యేరో మషాదో అనే సెనేటరు ఆయనకు కొత్త పండెయిరో బహూకరించి, దానిమీద తన పేరు చెక్కించి ఇచ్చాడు. ఒక వాద్యాన్ని చంకన పెట్టుకొని తిరగడానికి సెనేటరుగారి సిఫారసు కావలసి వచ్చిందంటే ఆ రోజులెటువంటివో వూహించుకోవచ్చు. ఇవాళ మనం సరదాగా నేర్చుకునే లయకు ఇంత వెనకటి కథ వుంది. అది తెలిసి వాయించడం వేరు, తెలియక వాయించడం వేరు.

1928లో ఎస్తాసియో అనే పేటలో "దెయిషా ఫలార్" అనే సంఘం ఏర్పడింది. మొదటి సాంబా స్కూలు అదేనంటారు. స్కూలంటే బడి కాదు, పేటవాళ్లంతా కలిసి కార్నివాల్‌లో వూరేగే బృందం. అందులోని బిదె అనే ఆయన పెద్ద వెన్నడబ్బాకు తోలు బిగించి సుర్దూ అనే పెద్ద డ్రమ్మును తయారుచేశాడని ప్రసిద్ధి. 1932లో స్కూళ్లమధ్య మొదటి పోటీ జరిగింది. మంగెయిరా స్కూలు గెలిచింది. 1984లో ఆస్కార్ నీమయెర్ అనే శిల్పి గీసిన ప్లానుతో వూరేగింపుల కోసమే ప్రత్యేకంగా సాంబోద్రోమో కట్టారు. మన కళ్లముందు కనబడే బొమ్మ అక్కడిది.

ఇంట్లో వాయించే సాంబా మరొకటి వుంది. దాని వాద్యాలేమిటో చూడండి: ఒక పింగాణీ పళ్లెం, దానిమీద రాసే కత్తి. పైన చెప్పిన జొవావ్ ద బయానాయే ఈ పళ్లెం, కత్తి వాయించడంలో దిట్ట. ఇంకొకటి అగ్గిపెట్టె. సీరో మొంతెయిరో అనే గాయకుడు అగ్గిపెట్టెను వేళ్లతో వాయిస్తూ పాడడానికి పేరుపడ్డాడు. పళ్లెంమీద కత్తి రాస్తే వచ్చే "చిక్ చిక్" శబ్దానికీ, డ్రమ్ముమీద బ్రష్ రాస్తే వచ్చే "ష్ ష్" శబ్దానికీ ఎంత దూరం? అంచేత బ్రష్‌తో సాంబా వాయించడం సాంబాను నీళ్లు కలిపి పలచన చెయ్యడమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అది ఆ ఇంటి సాంబాకు దగ్గర చుట్టం.

డ్రమ్ సెట్టు, బ్రష్‌లు

డ్రమ్ సెట్టు అమెరికాలో పుట్టింది. పదిమంది చేసే పనిని ఒక్కడిచేత చేయించడమే దాని పుట్టుకకు కారణం. బ్రష్‌ల పుట్టుక మరీ చిత్రం. 1913లో అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన ఇద్దరు ఈగలను కొట్టే పరికరానికి పేటెంటు పుచ్చుకున్నారు. పిడిలోకి ముడుచుకొనే సన్నని తీగల కుచ్చు అది. దాన్ని చూసిన డ్రమ్మర్లు ఈగలకంటె డ్రమ్ముకే ఇది బాగుందని పట్టుకుపోయారు. ఇవాళ్టికీ మంచి బ్రష్ అలాగే వుంటుంది: పిడి వెనుక కడ్డీని తోస్తే ముందు తీగలు విసనకర్రలాగా విచ్చుకుంటాయి, లాగితే లోపలికి పోతాయి.

బ్రెజిల్లో డ్రమ్ సెట్టుమీద సాంబాను స్థిరపరచినవాళ్లలో లుసియానో పెరోనె (1908–2001) ఆద్యుడు. తొలినాటి రికార్డింగు యంత్రాలు డ్రమ్ముల దెబ్బకు తట్టుకోలేవని వాటిని స్టూడియోలోకి రానిచ్చేవారు కాదు. 1930లో విడుదలైన "నా పవూనా" అనే రికార్డులో వీధి సాంబా వాద్యాలు ధైర్యంగా వినిపించాయి. రేడియోలో పదిమంది వాద్యగాళ్లు చేసే పనిని పెరోనె ఒక్కడే సెట్టుమీద సంబాళించేవాడు.

తర్వాత 1958 వచ్చింది. జొవావ్ జిల్‌బెర్తో "షేగా ది సౌదాదె" అనే పాటను గిటారుతో పాడి రికార్డు చేశాడు. అంతకు రెండుమూడేళ్ల ముందు ఆయన దియమంతీనా అనే చిన్న వూళ్లో అక్కగారింట్లో వుంటూ, బాత్‌రూములో తలుపేసుకొని గంటల తరబడి సాధన చేసేవాడు. అక్కడ చిన్న శబ్దం కూడా స్పష్టంగా తిరిగి వినబడుతుంది గదా! గొంతు తగ్గించి, మాట్లాడుతున్నట్టు పాడడం అక్కడ పట్టుబడింది. ఆయన గిటారులో బొటనవేలు సుర్దూ, మిగతా వేళ్లు తంబొరీమ్ అనే చిన్న డ్రమ్ము. అంటే మా పెద్దాయన నాకు చెప్పిన మాటే! ఆ సంగీతానికి బోస నోవా అని పేరొచ్చింది. దానితోపాటు డ్రమ్మరుకు ఒక చిక్కుకూడా వచ్చింది. సాంబా మొత్తం గిటారులోనే వుంటే డ్రమ్మరేం చెయ్యాలి? మిల్తన్ బనానా అనే డ్రమ్మరు దీనికి సమాధానం కనిపెట్టాడు. తక్కువ వాయించడం, తేలికగా వాయించడం, ఒక్క దెబ్బ కూడా అటూయిటూ పోనీకపోవడం. 1963లో రికార్డయి 1964లో విడుదలైన "గెట్జ్/జిల్‌బెర్తో" రికార్డులో ఆయన వాయిద్యం వినండి. పాట వింటూ డ్రమ్మును మరచిపోతాం. డ్రమ్ము తీసేస్తే పాట నిలవదు.

ఇదే కాలంలో ఎదిసన్ మషాదో అనే మరొక డ్రమ్మరు సాంబాను గట్టిగా సింబల్ మీదికి తీసుకుపోయాడు. ఒకనాడు వాయిస్తుండగా స్నేర్ తోలు చిరిగిపోతే, ఆ లయనంతా సింబల్‌మీద కొట్టి గట్టెక్కాడని ఒక కథ చెబుతారు. కథ మాటెలా వున్నా, 1964లో వచ్చిన ఆయన రికార్డు మాత్రం నిప్పులాంటిది. కాబట్టి గట్టి సాంబా తప్పని నేననడం లేదు. పాట యేదడిగితే అది వాయించడమే ధర్మం.

లయ లెక్క

ఇంక అసలు విషయానికి వద్దాం. సాంబాను రెండు దెబ్బల తాళంలో రాస్తారు. ఒక్కో దెబ్బలో నాలుగు మాత్రలు. అంటే ఒక ఆవృత్తానికి ఎనిమిది మాత్రలు. మన నోటికి అలవాటైన "త క ధి మి త క ఝ ణు" సరిగ్గా సరిపోతుంది. "త" అన్నచోట మొదటి దెబ్బ, రెండో "త" దగ్గర రెండో దెబ్బ.

ఇక్కడొక తేడా జాగ్రత్తగా గమనించాలి. మనకు సమం మీద బరువు వెయ్యడం అలవాటు. సాంబాలో బరువు రెండో దెబ్బమీద పడుతుంది. పెద్ద సుర్దూ రెండో దెబ్బకు "బూమ్" అని లోతుగా మోగుతుంది. మొదటి దెబ్బకు దానికంటె హెచ్చు శ్రుతిలో వుండే మరో సుర్దూ జవాబు చెబుతుంది. మంగెయిరా స్కూలులో ఆ జవాబు సుర్దూ కూడా వుండదు, రెండో దెబ్బే తప్ప. వింటున్నప్పుడు నేల మనకింద నుంచి ముందుకు జరుగుతున్నట్టుండడానికి కారణం ఇదే. మొదటి దెబ్బ దగ్గర కాలు ఎత్తినట్టు, రెండో దెబ్బ దగ్గర కాలు మోపినట్టు అనుకోండి.

రెండోది తంబొరీమ్ నడక. ఇది రెండు ఆవృత్తాల పొడుగు, అంటే 16 మాత్రలు. వాటికి 1 నుంచి 16 దాకా నెంబర్లు వేసుకుందాం. దెబ్బలు పడే చోట్లు ఇవి:

1, 3, 5, 6, 8, 10, 12, 13, 15.

మొత్తం తొమ్మిది దెబ్బలు, ఏడు నిశ్శబ్దాలు. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం మామూలుగా రెండు మాత్రలు. రెండుచోట్ల మాత్రం (5 నుంచి 6, 12 నుంచి 13) ఒక్క మాత్రే. ఈ 6వ దెబ్బ నుంచి 13వ దెబ్బకు ఏడు మాత్రలు. 13 నుంచి చుట్టూ తిరిగి మళ్లీ 6కు తొమ్మిది మాత్రలు. ఏడూ తొమ్మిదీ పదహారు. సరిగ్గా ఎనిమిదీ ఎనిమిదిగా విరగకుండా ఏడూ తొమ్మిదిగా విరగడంలోనే దీని సొగసంతా వుంది. ఇంకో విశేషం: 9వ మాత్ర, అంటే రెండో ఆవృత్తపు సమం, ఖాళీ. 8లో ఒక దెబ్బ పడుతుంది, 10లో ఒకటి పడుతుంది. సమాన్ని అటూయిటూ పట్టుకొని మధ్యలో వదిలేస్తారన్నమాట. కొందరు ఈ చక్రాన్ని వేరే చోట మొదలుపెడతారు, కొందరు రెండు సగాలను తారుమారు చేస్తారు. చక్రం అదే.

నోటితో అనాలంటే ఇలా: మొదటి ఆవృత్తంలో "త, ధి, తక, ణు". రెండో ఆవృత్తంలో "క, మి, త, ఝ". మిగతా అక్షరాలు మనసులో అనుకోవాలి, పైకి అనకూడదు. ఇది నోటికి రాకుండా చేతికి రాదు. బస్సులో కూర్చొని అనుకుంటూ వెళ్లండి. పక్కవాడు వింతగా చూస్తే చూడనివ్వండి.

చేతులు, కాళ్లు

సాధనకు నేను పాటించిన వరస చెబుతాను.

మొదటిది కుడికాలు. బాస్ డ్రమ్ మీద 1వ మాత్రలో తేలికగా, 5వ మాత్రలో కాస్త బరువుగా వాయించండి. ఇది కుదిరాక 4లోనూ 8లోనూ చిన్న దెబ్బలు చేర్చండి. అంటే 1, 4, 5, 8. ఈ 4, 8 దెబ్బలు తరవాతి దెబ్బకు ముందు వేసే చిన్న అడుగులు మాత్రమే. అన్నీ ఒకే బరువుతో కొడితే గుర్రపు డెక్కల చప్పుడొస్తుంది. కొత్తవాళ్లందరూ పడే గుంట ఇదే, నేనూ చాలాకాలం అందులోనే వున్నాను. మడమ పెడల్‌మీద ఆనించి మునివేళ్లతోనే నొక్కితే దెబ్బ మెత్తగా వస్తుంది. అప్పటికీ హోరుగా వుంటే డ్రమ్ములో ఒక దుప్పటి పెట్టండి.

రెండోది ఎడమకాలు. హైహాట్‌ను కాలితో 3లోనూ 7లోనూ మూయండి. "చిక్, చిక్" అని. దీంతో రెండు కాళ్లకూ మధ్య ఒక వూయల తయారవుతుంది. చేతులు చేర్చకముందు ఈ వూయల ఐదు నిమిషాలు ఆగకుండా నడవాలి.

మూడోది ఎడమచెయ్యి. ఇక్కడే బ్రష్ పని మొదలు. ఎడమ బ్రష్ తీగలను సగానికి పైగా విప్పి, స్నేర్ డ్రమ్ము ఎడమ సగంమీద బల్లపరుపుగా ఆనించండి. ఎత్తకుండా పక్కకు తుడవండి. కుడివైపుకు రెండు మాత్రలు, వెనక్కి రెండు మాత్రలు. బల్లమీద దుమ్ము గుడ్డతో తుడిచినట్టు. మణికట్టు కదలాలి, భుజం కదలనక్కర్లేదు. దిక్కు మారేచోట శబ్దం తెగకూడదు, చిన్న మలుపు తిరిగినట్టుండాలి. ఈ తుడుపే గింజల గొట్టాన్ని ఆడించినట్టు పాట పొడుగునా అడుగున పరుచుకొని వుంటుంది. వీధి బృందంలో తంబొరీమ్ వాయించేవాడు వాద్యం పట్టుకున్న చేతివేలితో తోలును కిందినుంచి మెల్లగా తడుతూ నిశ్శబ్దాలను నింపుతాడు. ఇక్కడ ఆ పని ఎడమ బ్రష్‌ది.

నాలుగోది కుడిచెయ్యి. కుడి బ్రష్‌తో డ్రమ్ము కుడి సగంలో, అంచుకు దగ్గరగా, పైన చెప్పిన తొమ్మిది దెబ్బలూ వాయించండి. బ్రష్ తోలుమీద పడగానే లేవాలి, వేడి పెనాన్ని వేలితో తాకినట్టు. అక్కడక్కడ ఒక దెబ్బను లేపకుండా తోలుమీదే ఆనించి వుంచితే "టప్" అని పొట్టిగా, మందంగా వస్తుంది. ఈ రెండు రకాల దెబ్బలతోనే మాట్లాడినట్టు వాయించవచ్చు. రెండు బ్రష్‌ల తీగలూ ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండా చూసుకోవాలి. ఎడమ సగం ఎడమ చేతిదీ, కుడి సగం కుడి చేతిదీ అని మొదట్లో గట్టిగా హద్దు పెట్టుకోండి.

ఇవి నాలుగూ ఒకేసారి కలపబోకండి. కాళ్లు రెండూ, తరవాత ఎడమచెయ్యి, కడపట కుడిచెయ్యి. నిమిషానికి 50, 60 దెబ్బల వేగంతో మొదలుపెట్టండి. బోస నోవా పాటలు చాలామట్టుకు ఆ వేగానికి కాస్త పైనే నడుస్తాయి. కార్నివాల్ వూరేగింపులో వేగం నిమిషానికి 140 దాకా పోతుంది. అది బ్రష్‌లకు సంబంధించిన వూరు కాదు.

మరొక పద్ధతి కూడా వుంది. కుడిచేతి బ్రష్‌తో మూసిన హైహాట్ మీద మాత్రలన్నీ తేలికగా వాయిస్తూ, ఎడమచేతిలో కర్రను స్నేర్ అంచుమీద అడ్డంగా ఆనించి "టక్" మని తంబొరీమ్ దెబ్బల్లో కొన్నింటిని వేస్తారు. ఒక చేతిలో బ్రష్, ఒక చేతిలో కర్ర. బోస నోవాలో తరచుగా వినబడే శబ్దం ఇదే.

ఒక ముఖ్య గమనిక. బ్రష్ పలకాలంటే స్నేర్ తోలు గరుకుగా వుండాలి. 1950ల రెండో సగం దాకా దూడ తోళ్లే వుండేవి. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ తోళ్లే. వాటిలో తెల్లటి గరుకు పూత వున్నదే కొనాలి. గాజులాంటి నున్నని తోలుమీద ఎంత తుడిచినా శబ్దం రాదు. మన ఆర్కెస్ట్రాల సెట్లకు చాలాసార్లు నున్నటివే వుంటాయి. నేను ఒక వారంరోజులు నా చెయ్యి బాగాలేదనుకొని బాధపడ్డాక, బాగాలేనిది తోలని తెలిసింది.

నోటేషన్‌కు అందనిది

పైన నాలుగు మాత్రలూ సమానమన్నట్టు రాశాను. కాగితంమీద అంతే రాయగలం. కాని బ్రెజిల్ వాళ్లు వాయించినది కొలిచి చూస్తే అవి సమానంగా వుండవు. నాలుగింటిలో మూడోది, నాలుగోది రవ్వంత ముందుగా వచ్చేస్తాయి. తరవాతి దెబ్బకు ముందు అంతమేరకు చిన్న వూపిరి మిగులుతుంది. ఆ వూపిరివల్లే కాళ్లు ఆగవు. మెట్రోనోమ్‌తో తూచినట్టు సమానంగా వాయిస్తే లెక్క సరిపోతుంది, సాంబా మాత్రం రాదు.

దీన్ని లెక్కలో నేర్చుకోలేం. వినే నేర్చుకోవాలి. ఒకరోజు ఒకే పాటను పదిసార్లు విని, మొదటిసారి సుర్దూ పనిని మాత్రమే, రెండోసారి తంబొరీమ్ పనిని మాత్రమే, మూడోసారి గిటారు బొటనవేలును మాత్రమే వెతుక్కోండి. 1961లో చార్లీ బర్డ్ అనే గిటారు విద్వాంసుడి వెంట బడీ డెపెన్‌ష్మిట్ అనే అమెరికన్ డ్రమ్మరు దక్షిణ అమెరికా పర్యటనకు వెళ్లాడు. బ్రెజిల్లో స్థానిక వాద్యగాళ్ల దగ్గర కూర్చొని ఈ లయ నేర్చుకున్నాడు. 1962 ఫిబ్రవరి 13న వాషింగ్టన్‌లోని ఒక చర్చిలో స్టాన్ గెట్జ్‌తో కలిసి వాళ్లు "జాజ్ సాంబా" రికార్డు చేశారు. అది 1963లో అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. పక్కన కూర్చొని నేర్చుకోవడానికి మనలో అందరికీ బ్రెజిల్ వెళ్లే యోగం లేదు. ఐతే ఈ రికార్డులన్నీ ఇవాళ సెల్‌ఫోన్లో దొరుకుతాయి. చెవి మాత్రం మనదే పెట్టాలి. 1973లో వచ్చిన జొవావ్ జిల్‌బెర్తో రికార్డు ముఖ్యంగా వినండి. గొంతు, గిటారు, వాటి పక్కన సోనీ కార్ వాయించిన అతి తేలికైన తాళం, అంతే. ఎంత తక్కువతో ఎంత నిండుగా వుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ రోజు ఏమైంది?

మా వార్షికోత్సవం సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు నేను బ్రష్‌లతోనే వాయించాను. హాలు వెనుక వరసల్లోంచి మా హాస్టలు మిత్రులు "ఒరేయ్, డ్రమ్స్ వినపడట్లేదురా!" అని కేకలు వేశారు. నా చేతులు కర్రలకోసం దురదపెట్టాయి. అవి పక్కనే కుర్చీమీద వున్నాయి కూడా. పెద్దాయన నావైపు చూడనైనా చూడకుండా వాయించుకుంటూ పోతున్నారు. నేనూ అలాగే వుండిపోయాను. రెండో చరణానికి కేకలు తగ్గాయి. మూడో చరణానికి హాలు నిశ్శబ్దమైంది. గిటారు బొటనవేలు, నా కుడికాలు ఒకే చోట పడడం అప్పుడే మొదటిసారి నా చెవికి వినబడింది. ఇద్దరం ఎందుకన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అదే. ఆయన చెప్పేదానికి అడుగున నేల పరచడానికి నేను, అంతే.

చప్పట్లు మాత్రం మా తరవాత వచ్చిన సినిమా పాటకే ఎక్కువ పడ్డాయి. అబద్ధమెందుకు?

పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ బ్రష్‌లు ఇన్నాళ్లూ నా దగ్గరే వున్నాయి. తీగలు రెండుమూడు వంగిపోయాయి గాని, ఇంకా బాగానే పలుకుతాయి. ఈ యేడు యూనియన్ మ్యూజిక్ పార్టీలో డ్రమ్స్ వాయిస్తున్న తమ్ముడికి వాటిని పంపుతున్నాను. ఒక్క షరతు. తమ్ముడూ, ముందు గిటారు వాయించేవాడి పక్కన కూర్చొని, అతని బొటనవేలు వినపడేదాకా చేతులు కట్టుకొని కూర్చో. అది వినబడ్డాక బ్రష్ తియ్యి.